ఫ్రాంక్లిన్ అచ్చేసిన దొంగ పత్రిక

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే గాలిపటం, మెరుపు, కళ్లజోడు గుర్తొస్తాయి. ఆ పెద్దమనిషి దొంగ పత్రిక అచ్చేసిన సంగతి అంతగా చెప్పుకోరు.

అమెరికా తొలి పత్రిక పుట్టిందే యుద్ధం నడుమ. 1690 సెప్టెంబరు 25న బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ ‘పబ్లిక్ అకరెన్సెస్’ తెచ్చాడు. మూడు పేజీల్లో వార్తలు, నాలుగోది ఖాళీ. చదివినవాళ్లు తమకు తెలిసిన కబురు అందులో రాసి మరొకరికి అందించాలి! ఫ్రెంచివారితో పోరులో ఇంగ్లిషువారికి తోడున్న ఆదివాసులైన మోహాక్‌లు బందీలను హింసించారని రాసింది. అనుమతి లేదు, పైగా ఇలాంటి రాతలు. నాలుగు రోజుల్లో మూతపడింది.

ఆ తర్వాత తొంభై ఏళ్లకు కూడా విదేశీ వార్తంటే ఓడ మోసుకొచ్చిందే. గాలి అనుకూలిస్తే త్వరగా, లేకుంటే నెలల తర్వాత.

ఆ ఆలస్యమే ఫ్రాంక్లిన్‌కు కలిసొచ్చింది. 1782 వసంతంలో ఆయన పారిస్ పక్కన పాసీలో ఉన్నాడు. వయసు 76. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం ముగించే సంధి మాటలు అప్పుడే మొదలవుతున్నాయి. ఇంట్లో సొంత అచ్చుయంత్రం ఉంది, చేతిలో పాత ముద్రాపకుడి పనితనం ఉంది. బోస్టన్‌లో నిజంగా నడుస్తున్న పత్రిక పేరుతో ‘705వ సంచికకు అనుబంధం’ ఒకటి వేశాడు.

అందులోని కథ ఒళ్లు జలదరించేది. సెనెకా అనే ఆదివాసీ తెగవాళ్లు వలసవాసుల తలల నుంచి ఒలిచిన జుట్టుతోళ్లను 8 మూటలు కట్టి, ఇంగ్లండు రాజుకు చేర్చమని కెనడా గవర్నరుకు పంపారట. కిరాణా కొట్టు చిట్టాలా లెక్కలు: మగపిల్లలవి 193, ఆడపిల్లలవి 211. అంతా కల్పన. అనుమానం రాకుండా కింద చిన్న ప్రకటనలూ పేర్చాడు. అమ్మకానికి తోళ్లు పదునుచేసే కార్ఖానా, తప్పిపోయిన గుర్రం! ఆ గుర్రం దగ్గర ఎవరికైనా నవ్వొస్తుంది. మూటల వైపు చూస్తే ఆ నవ్వు నిలవదు. చేయని పనికి సెనెకాలు దోషులయ్యారు, బదులు చెప్పుకోవడానికి వాళ్లకు పత్రిక లేదు.

బ్రిటన్ ప్రజలు సిగ్గుపడాలని, నష్టపరిహారం అడగడానికి దారి పడాలని ఆయన ఎత్తు. లండన్‌లో రచయిత హొరేస్ వాల్పోల్ ఇది ఫ్రాంక్లిన్ పనేనని పసిగట్టాడు. అమెరికాలో మాత్రం బ్రిటన్‌తో 1812 యుద్ధకాలంలోనూ పత్రికలు దాన్ని నిజమని మళ్లీ అచ్చేశాయి. ఆ యుద్ధం ముగింపూ విడ్డూరమే. 1814 డిసెంబరు 24న ఘెంట్‌లో సంధి కుదిరితే, 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్‌లో భీకర పోరు జరిగింది. సంధి కబురుతో ఓడ న్యూయార్క్ చేరింది ఫిబ్రవరి 11న.

తంతి వచ్చాక ఈ వరస తిరగబడింది: కబురు త్వరగా చేరినా, నిజాన్నే అబద్ధమన్నారు. జర్మనీ మెక్సికోకు పంపిన రహస్య తంతి 1917 మార్చి 1న అమెరికా పత్రికల్లో పడితే, చాలామంది అది బ్రిటన్ కల్పన అన్నారు. రెండు రోజులకు, పంపింది తానేనని జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ ఒప్పేసుకున్నాడు.