స్పర్శనాడీమార్గముల పునర్వ్యవస్థ

శరీరమున నొక భాగమునుండి స్పర్శవార్తలు మెదడున కందుట నిలిచినపుడు, ఆ భాగమునకు నియతమైన మస్తిష్కవల్కల ప్రదేశము నిర్వ్యాపారముగా నుండక పొరుగు భాగముల సంవేదనలను గ్రహింప నారంభించుట. అణగియున్న పూర్వసంబంధములు కొన్ని గంటలలోనే మేల్కొనును. నూతన నాడీశాఖలు మొలకెత్తుటకు మాసములు పట్టును. 1980 దశకమున మెర్జెనిచ్, కాస్ ప్రభృతులు కోతుల చేతినాడిని ఖండించి దీనిని నిరూపించిరి. 1992లో వి.ఎస్. రామచంద్రన్, చేయి కోల్పోయినవాని చెంపను తాకినచో లేని చేతివ్రేళ్లయందు స్పర్శ తోచుటను వర్ణించెను. మెదడునందు ముఖక్షేత్రము హస్తక్షేత్రమున కానుకొనియుండుటయే దీనికి హేతువని ఆయన వాదము.

తెలుగునాట ఈ స్పర్శలోపమునకు చిరపరిచిత నిదర్శనము కుష్ఠు. 1915లో ఇసబెల్ కెర్ స్థాపించిన డిచ్‌పల్లి వైద్యశాల ఈ రోగులకే వెలసినది. కుష్ఠును కలిగించు సూక్ష్మజీవి చల్లగానుండు ఉపరితల నాడులను, విశేషించి మోచేతికడ నున్నదానిని, మెల్లగా హరించును. అట్లు క్రమముగా అరిగిపోయిన వ్రేళ్లకు మాయాంగభ్రాంతి (లేని అంగము ఉన్నట్లు తోచుట) కలుగదనియు, మిగిలిన మొండిని శస్త్రముచే తొలగించినచో కలుగుననియు 1956లో సిమ్మెల్ ప్రకటించుట మిక్కిలి విచిత్రము.

అయినను ఈ పునర్వ్యవస్థ రక్షకస్పర్శను మరల నొసగజాలదు. అనంతపురము మెట్టపొలములలో వట్టికాళ్ల నడచు రోగికి తుమ్మముల్లు దిగినను, ఎండకు కాగిన రాయి కాల్చినను తెలియదు. కావున ప్రతిదినము పాదములను కంటితో పరీక్షించుకొనుట, మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు తొడుగుట విధింపబడినవి.