గోల్ఫ్ ఐరన్లూ, మన మోచేతులూ: కొంత చరిత్ర

గజపతినగరంలో గోల్ఫ్ మైదానం లేదు. అయినా గోల్ఫ్ వల్ల వచ్చిన మోచేతి నొప్పితో ఒక పెద్దమనిషి గత వేసవిలో మా ఇంటికి వచ్చారు. విశాఖపట్నంలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరినవారు. నెలకు రెండు మూడుసార్లు విశాఖ వెళ్లి ఆడి వస్తుంటారు. ఎడమ మోచేయి వెలుపలి వైపు వేలితో నొక్కితే చాలు, విలవిలలాడుతున్నారు. ఎక్స్‌రే తెచ్చారు. "ఎక్స్‌రే సరేనండీ, మీ ఐరన్లు కూడా ఒకసారి తీసుకురండి" అన్నాను. నవ్వారు గానీ, మర్నాడు తెచ్చారు. అమెరికాలో ఉన్న కుమారుడు షష్టిపూర్తికి కానుకగా పంపిన సెట్టు అది. వెనుక భాగం నున్నగా, కత్తిలా పలుచగా ఉన్న 'బ్లేడ్'లు. బిగువైన ఉక్కు కాడలు. పెద్ద పోటీల్లో ఆడేవారి చేతికి తగిన సరంజామా.

ఆట తెలియని పాఠకులకు ఒక మాట. ఐరన్ అంటే లోహపు తల గల గోల్ఫ్ కర్ర. దానిపై సంఖ్య పెరిగేకొద్దీ ముఖం మరింత వెనక్కు వాలి ఉంటుంది. బంతి ఎక్కువ ఎత్తుకు లేచి, తక్కువ దూరంలో పడుతుంది.

మన దేశానికి ఈ ఆట 1829లోనే వచ్చింది. ఆ ఏడాది కలకత్తాలో ఏర్పడిన క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికంటే పాతది. మన తీరంలో, నేడు ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు తన పుట్టుకను 1884గా చెప్పుకుంటుంది. వైద్యుడినైన నాకు ఇందులో ఒక తమాషా కనబడుతుంది: అంతకు ముందటి ఏడాదే, 1883లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 'లాన్ టెన్నిస్ ఎల్బో' అనే పేరు అచ్చయింది. వాల్తేరుకు ఆట వచ్చేనాటికి నొప్పికి పేరు సిద్ధంగా ఉందన్నమాట!

తొలినాళ్లలో ఐరన్లకు పెద్దపీట లేదు. అప్పటి బంతి ఈకలు దట్టంగా కూరి కుట్టిన తోలు సంచి. ఇనుము తగిలితే చిరిగిపోయేది. అందుకని కర్ర తలలతోనే ఆడి, బంతి బండిచాళ్లలో ఇరుక్కున్నప్పుడు మాత్రమే ఇనుము తీసేవారు. 1848 ప్రాంతంలో మలయా చెట్ల పాలతో చేసిన గట్టాపెర్చా బంతి వచ్చాక ఆ భయం పోయింది. కమ్మరులు రకరకాల తలలు సాగగొట్టసాగారు. క్లీక్, మ్యాషీ, నిబ్లిక్ అని వాటికి పేర్లే గాని సంఖ్యలు లేవు. కాడ హికరీ కర్ర. ఏ రెండు కర్రలూ ఒకేలా వంగవు కనుక, ఆటగాడు ఒక్కొక్కదాన్ని ఊపి చూసి, చేతికి నచ్చినదే కొనేవాడు. కమ్మరి కొలిమి నుండి వచ్చిన ఆ పనిముట్టుకూ, పట్టిన చేతికీ పొత్తు కుదిరేది.

1929లో బ్రిటన్‌లో ఉక్కు కాడలకు అనుమతి లభించింది. దానితో అన్నీ ఒకే తీరున వంగే, సంఖ్యలు వేసిన సెట్లు కర్మాగారాల నుండి వచ్చాయి. సౌకర్యమే. కొందరు సంచిలో ఇరవైకి పైగా మోసుకు తిరుగుతుంటే, 1938లో అమెరికా, మరుసటి ఏడాది బ్రిటన్ పద్నాలుగుకు మించరాదని హద్దు పెట్టాయి. కాని నా దృష్టిలో నష్టం కూడా అక్కడే మొదలైంది: విజేత వాడిన సెట్టునే సామాన్యుడూ కొనడం.

దానికి విరుగుడు కనిపెట్టినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. నలభై దాటాక ఆట మొదలుపెట్టి, తన తప్పులు తానే చూసుకున్నవాడు. దోషం చేతిదే కానక్కరలేదని తలచి, 1959లో తలలోని బరువును నడిమి నుండి అంచులకు జరిపి 'పింగ్' పటర్ చేశాడు. తరువాత ఐరన్ల వెనుక భాగాన్నీ గుల్ల చేసి, అంచులకు బరువు పంచాడు. ఇందులో కిటుకు ఇది: బంతి ముఖం నడుమ కాక పక్కన తగిలితే తల మెలి తిరుగుతుంది. అంచుల్లో బరువుంటే ఆ మెలిక తగ్గుతుంది. మెలికను ఆపడానికి పిడికిలి బిగించే శ్రమంతా ముంజేతి కండరాలది. వాటిని మోచేతి ఎముకకు కట్టి ఉంచే స్నాయువు చివరకు ఆ భారం మోస్తుంది.

నా చిన్నతనంలో కర్రసాము నేర్పిన గురువు ముందుగా మమ్మల్ని నిలబెట్టి, పక్కన కర్ర ఆనించి చూసి, ఎత్తును బట్టి కర్ర ఇచ్చేవారు. ఆయన తిప్పే కర్ర మీద మాకెంత ఆశ ఉన్నా ముట్టనిచ్చేవారు కాదు. గోల్ఫ్ దుకాణంలో అటువంటి గురువు దొరకడం అరుదు, అందుకే మీరే కొంత చూసుకోవాలి. కొత్తగా నేర్చుకుంటున్నా, వందకు లోపు దెబ్బల్లో ఆట ముగించలేకపోతున్నా, వెనుక గుల్లగా, అడుగు వెడల్పుగా ఉన్న ఐరన్లే తీసుకోండి. 3, 4 సంఖ్యల పొడవాటి ఐరన్ల జోలికి పోవద్దు. వాటి స్థానే హైబ్రిడ్లు చాలు. వయసు మళ్లినవారికి గ్రాఫైట్ కాడ తేలిక. దెబ్బ తాలూకు కంపనాన్నీ కొంత తగ్గిస్తుంది. ఊపులో వేగం లేనివారు బిగువైన కాడ కొనడం డబ్బు పోసి శ్రమ తెచ్చుకోవడమే. పిడి మరీ సన్నమైతే గట్టిగా నొక్కి పట్టవలసి వస్తుంది, సరిచూసుకోండి. మరొకటి: ఒకనాడు 7వ ఐరన్ వాలు 35 డిగ్రీలకు పైన ఉండేది, నేడు కొన్నింటిలో 30కి దిగువన ఉంది. కనుక పక్కవాడు 7తో ఎంత దూరం కొట్టాడో చూసి చిన్నబోకండి.

మా మిత్రునికి వచ్చింది పేరుకు 'టెన్నిస్ ఎల్బో'. కుడిచేతి వాటం గోల్ఫర్లకు ఎడమ మోచేయి వెలుపల అది తరచుగా వస్తుంది. 'గోల్ఫర్స్ ఎల్బో' అనేది మోచేయి లోపలి వైపు నొప్పి. కొన్ని వారాలు ఆట మాన్పించి, ముంజేతి వ్యాయామాలు నేర్పాను. కుమారుని నొప్పించడం ఇష్టంలేక ఆయన కొన్నాళ్లు దాచారు గాని, చివరకు ఫోనులో చెప్పారట. గ్రాఫైట్ కాడల సెట్టు వచ్చింది. బ్లేడ్లు నడవలో గోడకు చేరాయి, మనవడు వచ్చినప్పుడల్లా తీసి చూస్తుంటాడు.

చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం అది స్నాయువు పని కాదు, మోచేతి వెనుకగా పోయే నరానిది. అప్పుడు ఐరన్లు మార్చి చూడకండి, వైద్యునికి చూపించండి.