వానకు లెక్క ఉంది, ఎండకు లేదు



ఎండలు పెరిగినాయని మన పెద్దోళ్లు అందరూ అంటారు. తండాలో అడిగినా, గూడెంలో అడిగినా అదే మాట. మరి ఎంత పెరిగినాయి? కోడుమూరు పక్క మెట్ట భూముల్లో ఎక్కువ పెరిగిందా, నల్లమల అడవిలో ఎక్కువ పెరిగిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మన చరిత్రలో ఒక ఖాళీ కనిపించింది. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ముందు పోల్చే పద్ధతి చూద్దాం. కోడుమూరు వేడి, లంబసింగి చలి అని చెప్తే అది పోలిక కాదు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. కొండ మీద ఊరు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. అందుకే ఏ ఊరినైనా దాని పాత రోజులతోనే పోల్చాల. ముప్పై ఏళ్ల సగటు తీసి, దాన్ని ఆ ఊరికి ‘మామూలు’ అనుకుంటారు. ఆ మామూలు నుంచి ఎంత తేడా వచ్చిందో రెండు ఊళ్లకూ లెక్క తీసి, అప్పుడు ఆ తేడాలను పక్కపక్కన పెడతారు. అంటే పాత లెక్క లేని ఊరికి పోలికే లేదు.

ఆ పాత లెక్కలు యాడ ఉన్నాయి? మన దక్షిణాదిలో అన్నిటికంటే పాతది మద్రాసు అబ్జర్వేటరీ. ఈస్టిండియా కంపెనీ దాన్ని 1792లో కట్టించింది. చుక్కలు చూసేదానికి కట్టినా, 1796 నుంచి అక్కడ వాతావరణం కూడా రాసిపెట్టినారు. ఓడలు, వ్యాపారం ఉన్న చోట థర్మామీటర్ వచ్చిందన్నమాట. దేశమంతటికీ వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. మరుసటి ఏడాదే ధాత కరువు మొదలయింది. 1876 నుంచి 1878 దాకా కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఆ కరువుకు అల్లాడిపోయినాయి. కరువు అంటే వాన పడకపోవడం, వాన పడకపోతే శిస్తు రాకపోవడం. కాబట్టి సర్కారుకు వాన లెక్క కావాల్సి వచ్చింది. తాలూకా కచేరీల్లో వాన కొలిచే గేజీలు పెట్టి రోజూ రాయించినారు. ఎండ మీద శిస్తు లేదు. ఎండను కొలిచే పరికరాలు మాత్రం రేవుల్లో, పెద్ద పట్నాల్లో, జిల్లా కేంద్రాల్లో పెట్టినారు.

ఆ తేడా ఇప్పటికీ అంకెల్లో కనిపిస్తుంది. దేశమంతటి వాన పటం తయారు చేసేటప్పుడు వాతావరణ శాఖ 6,955 గేజీల లెక్కలు వాడుకుంది. ఉష్ణోగ్రత పటానికి వాడుకున్నవి 395 కేంద్రాలు. దేశ విస్తీర్ణాన్ని పంచితే ఒక్కో కేంద్రానికి 8,300 చదరపు కిలోమీటర్లు వస్తుంది. సుమారుగా ఇప్పటి కర్నూలు జిల్లా అంత. ఆ పటంలో ఒక్కో గడి వెడల్పు ఒక డిగ్రీ, అంటే 110 కిలోమీటర్ల దగ్గర. కోడుమూరు నుంచి ఆత్మకూరుకు నేరుగా కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా లేదు. ఇక్కడి ఎర్రటి మెట్ట చేను, అక్కడి అడవి, రెండూ ఒక గడి అంత దూరంలోనే ఉన్నాయి.

వాన ఊరూరికీ మారుతుంది, ఎండ అంతగా మారదు, కాబట్టి తక్కువ కేంద్రాలు చాలు అని శాస్త్రవేత్తలు అంటారు. మైదానంలో అది నిజమే. కొండ, అడవి వచ్చినాక మాత్రం చానా తేడా వస్తుంది. చెట్లు నీళ్లను ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తాయి. ఎండిన నేల మీద పడిన వేడి మొత్తం నేలకు, గాలికి పోతుంది. గంగా మైదానంలో వేడి పెరుగుదల మిగతా దేశం కంటే తక్కువగా ఉంది. పొలాలకు పారే నీళ్లు, గాలిలోని పొగ, దుమ్ము అందుకు కారణాలని చెప్తారు. అట్లనే ఉత్తర ధ్రువం పక్క 1979 నుంచి భూమి సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. భూమి అన్ని చోట్లా ఒకే తీరుగా వేడెక్కడం లేదు.

దేశం మొత్తానికి ఒక అంకె ఉంది. 1901 నుంచి 2020 దాకా చూస్తే సగటు ఉష్ణోగ్రత వందేళ్లకు 0.62 డిగ్రీల లెక్కన పెరిగింది. పగటి గరిష్ఠం 0.99, రాత్రి కనిష్ఠం 0.24. అయితే ఇది అందరి సగటు. చెంచు గూడెం అంకె ఇందులో విడిగా కనిపించదు.

కనిపించకపోతే ఏమైతుంది? వడగాలి ప్రకటించేదానికి ఒక రూలు ఉంది. మైదానంలో 40 డిగ్రీలు, కొండ ప్రాంతంలో 30 డిగ్రీలు చేరాల. దాంతోపాటు మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాల. 45 దాటితే మామూలుతో పని లేదు. ఆ లోపల ఉంటే అంతా ఆ ‘మామూలు’ మీదే ఆధారపడుతుంది. మన చోటుకు సొంత మామూలు లేకపోతే పక్క టౌను మామూలుతో మన ఎండను తూకం వేస్తారు. 2015 మేలో వడదెబ్బకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయినారు. ఉపాధి పనికి పోయేవాళ్లు, గొర్రెలు మేపేవాళ్లు, అడవిలో తేనెకు, గడ్డలకు పోయేవాళ్లు మనోళ్లే కాబట్టి ఈ లెక్క మనకు ముఖ్యం. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చినాయి, మంచిదే. వాటికి ముప్పై ఏళ్లు నిండేసరికి మన పిల్లలు కాలేజీ దాటిపోతారు.

అంతవరకు మన దగ్గర ఏమీ లేదా? జపాన్‌లో క్యోటో అనే ఊరు ఉంది. అక్కడ చెర్రీ పూలు ఏ రోజు విరగబూసినాయో తొమ్మిదో శతాబ్దం నుంచి రాజాస్థానం వాళ్లు డైరీల్లో రాసుకున్నారు. ఆ తేదీలతోనే ఇప్పుడు శాస్త్రవేత్తలు అప్పటి మార్చి నెల ఎంత వెచ్చగా ఉండేదో లెక్క కడుతున్నారు. వాళ్లకు పువ్వే థర్మామీటర్ అయింది. మనకు ఇప్పపువ్వు ఉంది. అది ఎప్పుడు రాలుతుందో, తేనె ఎప్పుడు దిగుతుందో, ఏ వంకలో నీళ్లు ఏ నెల దాకా నిలిచేవో మన అవ్వతాతలకు తెలుసు. వాళ్లు రాయలేదు, మనం రాయగలం.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోండి. పెద్దోళ్లకు సంవత్సరం గుర్తుండదు, కానీ శ్రీశైలం ముంపు, 2009 వరద గుర్తుంటాయి. దానికి ముందా, తర్వాతా అని అడగండి. ఊరి పేరు, చెట్టు ఉన్న చోటు, నెల, చెప్పినోళ్ల వయసు రాయండి. ఈ ఏడాది పువ్వు మొదట రాలిన తేదీ కూడా రాయండి. వచ్చే ఏడాది అదే చెట్టు దగ్గరికి మళ్లీ పోండి.