పిల్జెన్ చేదు

పిల్స్నర్ ఉర్క్వెల్ బీరు ఒక గుక్క వేస్తే ముందు తగిలేది తీపి. కాల్చిన బ్రెడ్డు అంచు రుచి, వెనకే లీలగా వెన్న వాసన. మింగాక మొదలవుతుంది చేదు. నాలుక మొదట్లో కూచుని చాలాసేపు కదలదు. దుకాణాల్లో సులువుగా దొరికే యూరప్ లాగర్లలో ఇంత చేదు నిలుపుకున్నవి తక్కువ. నా మటుకు దీని గొప్పతనమంతా ఆ చేదులోనే ఉంది.

ఈ బీరు పుట్టింది బొహీమియాలోని పిల్జెన్‌లో. అక్కడ బీరు కాచే హక్కు తరతరాలుగా ఊరి గృహస్థులది. 1838లో 36 పీపాల బీరు తాగలేనంతగా పాడైతే టౌన్‌హాలు ముందే పారబోశారు. పరువు పోయిందనుకున్నారో ఏమో, అందరూ కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ని పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతను మొదటి కాపు కాచాడు. నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండుగనాడు, జనం రుచి చూశారు. ముదురు రంగు బీర్లకు అలవాటుపడ్డ కళ్లకు తేటగా, బంగారు రంగులో కనిపించింది.

అందులో అంతా ఊరిదే కాదు. మొలకెత్తిన బార్లీని మాడనివ్వకుండా లేతగా ఆరబెట్టే పద్ధతి ఇంగ్లండుది. చల్లదనంలో నెమ్మదిగా పులియబెట్టే ఈస్ట్ బవేరియాది. హాప్ పూలు దగ్గర్లోని జాటెట్స్‌వి. అన్నిటికన్నా ఎక్కువ పేరు రావాల్సింది ఊరి నీటికి. లవణాలు దాదాపు లేని నీరది. అంత హాప్ వేసినా చేదు గొంతులో గరగరలాడదంటే దాని చలవే. ఇక డికాక్షన్. మన కాఫీది కాదు. బార్లీ గుజ్జులో కొంత తీసి, విడిగా మరిగించి, మళ్లీ కలుపుతారు. ఇలా మూడుసార్లు. మొదటి గుక్కలోని ఆ బ్రెడ్డు రుచి ఇక్కడిదే.

ఆ తర్వాత రైళ్లు వచ్చాయి, లిండే శీతలయంత్రం వచ్చింది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేశాడు. దాంతో పిల్స్నర్ ఎక్కడైనా కాచుకోవచ్చు. ఊరి పేరు బీరు రకం పేరైపోయింది. అందుకే 1898లో అసలు బ్రూవరీ ‘ఉర్క్వెల్’, అంటే మూల ఊట, అన్న మాటను తన పేరుగా రిజిస్టరు చేసుకుంది. అనుకరణలు మాత్రం రంగు ఉంచుకుని చేదు వదిలేశాయి. మన ఊళ్లలో అమ్మే లేత రంగు లాగర్లు కూడా ఆ వంశంలోవే.

అసలు బ్రూవరీ చాలా చూసింది: యుద్ధాలు, 1946 జాతీయీకరణ, 1989 తర్వాత ప్రైవేటు చేతులు, 2017లో జపాన్ కంపెనీ అసాహి. యజమానులు మారడం కన్నా నన్ను ఎక్కువ బాధించేది 1990ల మొదట్లో ఓక్ పీపాల స్థానంలో స్టీలు ట్యాంకులు రావడం. ఇక సీసాలో తాగేవాళ్లు వెలుతురు తగలని దాన్నే ఎంచుకోండి. ఎండ తగిలితే హాప్ కంపు కొడుతుంది. మరీ గడ్డకట్టేంత చల్లగా వద్దు, రుచి ముడుచుకుపోతుంది.

పిల్జెన్ బ్రూవరీ నేలమాళిగలో మాత్రం కొన్ని ఓక్ పీపాలు ఇంకా ఉంచారు. చూడటానికి వచ్చినవాళ్లకు వాటినుంచే పట్టి ఇస్తారు. వడకట్టని బీరు, కాస్త మసగ్గా, పైన చిక్కటి నురుగుతో.