నలువదియవ నాటి పండుగ

ఆదివారపు ఆరాధనలో విశ్వాస ప్రమాణము చెప్పు వేళ, ప్రభువు పరలోకమునకు ఆరోహణుడై తండ్రి కుడిపార్శ్వమున ఆసీనుడై యున్నాడను ఒప్పుకోలు మన తెలుగు సంఘములలో పిన్నపెద్దలందరి నోటను వారము వారము వినవచ్చుచుండును; అయినను, ఆ ఒప్పుకోలునకు మూలమైన సంఘటనను స్మరించు పండుగ, ఈస్టరు తరువాత నలువదియవ దినమున, ఒక గురువారము నాడు, వచ్చి పోయినదని ఆ పలికినవారిలో అనేకులకు తెలియకపోవుట నాకు మిక్కిలి ఖేదము కలిగించును. క్రిస్మసు నక్షత్రము, మట్టల ఆదివారపు ఊరేగింపు, మంచి శుక్రవారపు ఏడు మాటలు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల యొద్ద వెలిగించు కొవ్వొత్తులు, ఇవన్నియు మన పల్లెలలో సైతము పాతుకొన్నవి. కతోలికులు మోక్షారోహణ మహోత్సవమని పిలుచు ఈ దినము మాత్రము క్యాలెండరులో అచ్చుపడియు మనస్సులలో నిలువకున్నది. దీని పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో ఈ ఉపేక్ష కొంత తగ్గునని నా నమ్మకము.

సంఘటనను మనకు విశదముగా చెప్పినవాడు లూకా. క్రీస్తు శిష్యులను బేతనియ వరకు తోడుకొనిపోయి, చేతులెత్తి ఆశీర్వదించుచుండగనే వారిని విడిచి పైకి కొనిపోబడెనని సువార్త చివర అతడు వ్రాసెను. పునరుత్థానము మొదలు నలువది దినములు వారికి కనబడుచు వచ్చిన పిదప, ఒలీవల కొండపై ఒక మేఘము ఆయనను వారి కన్నులకు మరుగు చేసెననియు, తెల్లని వస్త్రములు ధరించిన ఇద్దరు మనుష్యులు వారి యొద్ద నిలిచి, ఆకాశమువైపు చూచుచు ఏల నిలిచితిరని అడిగిరనియు అపొస్తలుల కార్యముల ఆరంభమున వివరించెను. వీనిలో నన్ను ఎల్లప్పుడు ఆకర్షించునది, శిష్యులు మహానందముతో యెరూషలేమునకు మరలిరనుట. ప్రాణాధికుడైన గురువు కనుమరుగైన నాడు ఎవరికైనను దుఃఖమే సహజము. ఆ దినము వారికి ఆనందదినమెట్లయ్యెనో తెలిసికొనుటయే ఈ పండుగ పరమార్థమును తెలిసికొనుట.

అయితే మొదటి మూడు శతాబ్దములలో దీనికి ప్రత్యేక దినము లేదు. ఈస్టరు మొదలు పెంతెకొస్తు వరకు గల ఏబది దినములును ఒకే అఖండోత్సవముగా, ఉపవాసము లేక, మోకాళ్లూనక, నిలుచుండియే ప్రార్థించుచు ఆనాటి క్రైస్తవులు గడపెడివారు. నాల్గవ శతాబ్దపు చివరి పాదమున పడమటి దేశములనుండి పుణ్యభూమికి యాత్ర వచ్చిన ఎగేరియా అను స్త్రీ, తాను చూచినదెల్ల తన సోదరీమణులకు లాటినులో వ్రాసి పంపినది. నలువదియవ నాడు యెరూషలేమువారు బేత్లెహేమునకు పోయెడివారట; ఆరోహణమును స్మరించునది పెంతెకొస్తు నాటి అపరాహ్ణమున. అప్పుడు ఊరివారందరు ఒలీవల కొండ నెక్కి, ఇంబొమోన్ అను స్థలమున కూర్చుండి, సువార్తనుండియు అపొస్తలుల కార్యములనుండియు ఆ వృత్తాంతమును చదివించుకొని, జనులు అలసిపోకుండునట్లు మెల్లమెల్లగా, పాటలు పాడుచు, కాలినడకన దిగివచ్చెడివారు. నగర ద్వారము చేరుసరికి చీకటి పడెడిది. రెండు వందలకు తగ్గని దేవాలయపు దీపములు వారికెదురుగా వచ్చెడివి.

నలువదియవ దినము వేరుపడి పండుగగా నిలిచినది ఆ తరమునందే. 380 ప్రాంతమున సిరియాలో కూర్చబడిన అపొస్తలుల నిబంధనలు అను గ్రంథము ఆ దినమును పాటింపుమని చెప్పుచున్నది. 388లో నిస్సా బిషపు గ్రెగొరీ ఈ పండుగనాడు ప్రసంగించెను. శతాబ్దము తిరుగుసరికి హిప్పో బిషపు అగస్టీను, ఇది లోకమంతట ఆచరింపబడుచున్నదని ఒక లేఖలో పేర్కొనెను. ఇంతటి వ్యాప్తికి కారణము, నా అభిప్రాయమున, యాత్రలే. హింసల కాలము గడచి యాత్రికులు పుణ్యస్థలములకు రాజొచ్చిన పిదప, ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క దినము కావలసి వచ్చినది. పొయెమేనియా అను రోమను కులీన స్త్రీ ఒలీవల కొండపై ఆలయము కట్టించినది. ఏడవ శతాబ్దమున గాలు దేశపు బిషపు ఆర్కుల్ఫు చూచినప్పుడు అది గుండ్రని కట్టడము. ప్రభువు పోయిన త్రోవను మూయరాదని నడుమ పైకప్పు వేయక ఆకాశమునకు విడిచియుండిరి. నేడచట ఉన్నది క్రూసేడుల కాలపు చిన్న అష్టకోణ మందిరము. 1187లో సలాదీను యెరూషలేమును గెలిచిన పిదప అది ముస్లిముల అధీనమునకు వచ్చినది, దానిపై గుమ్మటము లేచినది. లోపల నేలపై రాతిచట్రములో బిగించిన ఒక శిల కలదు; అందలి గుంటను ప్రభువు పాదముద్రయని యాత్రికులు ముద్దిడుదురు. ముద్ర సంగతి ఎట్లున్నను, ఆరోహణ దినమున క్రైస్తవులు ఆ ప్రాంగణమున గుడారములు వేసికొని ఆరాధించుటయు, ముస్లిము సంరక్షకులు వారికి తలుపు తెరచుటయు నేటికిని సాగుచున్న మహత్తర విషయములు.

శిష్యుల ఆనందమునకు హేతువును హెబ్రీయుల పత్రిక తేటపరచుచున్నది. పోయినవాడు మనలను విడిచిపోలేదు. మేకుల గుర్తులు గల మానవదేహముతోనే తండ్రి సన్నిధి చేరి, మన ప్రధాన యాజకుడై మన పక్షమున విజ్ఞాపన చేయుచున్నాడు. గలిలయలో ఒక ఊరనుండగా మరియొక ఊర కనబడని ప్రభువు, ఇప్పుడు ఏ పూరిపాకలో ఇద్దరు ముగ్గురు కూడినను వారి నడుమ నున్నాడు. కావున ఈ దినము వీడ్కోలు కాదు, పట్టాభిషేకము.

ఇంతటి ఉన్నత భావమును మట్టితో ముడివేసినవాడు రోను నదీతీరపు వియెన్ పట్టణ బిషపు మమెర్తుసు. 470 ప్రాంతమున భూకంపములు, అగ్నిప్రమాదములు ఆ నగరమును క్రుంగదీయగా, ఆరోహణమునకు ముందటి మూడు దినములు ఉపవాసముతో ఊరేగుచు ప్రార్థింపవలెనని అతడు నియమించెను. 511లో ఓర్లెయాను సభ దానిని గాలు దేశమంతటికి విధించెను. క్రమముగా అది చేలగట్ల వెంట నడచుచు పంటలకై చేయు ప్రార్థనగా ఐరోపా పల్లెలలో స్థిరపడినది.

ఈ పండుగకు మన తెలుగునాటను ఒక గుర్తు కలదు. మన మెదకులో, కరవునాడు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు జనులకు పని కల్పించి అన్నము పెట్టి కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. అందలి మూడు రంగుటద్దాల కిటికీలలో ఆరోహణ చిత్రము 1927లో మొట్టమొదట అమరినది. క్రీస్తు జననము 1947లోను, సిలువ 1958లోను దాని తరువాతనే వచ్చినవి. సూర్యకాంతి యున్నంతసేపే ఆ అద్దములలో రూపములు వెలుగును. కనుక చూడగోరువారు పగటివేళ పోవలెను.

ఉపేక్షకు కారణములు లేకపోలేదు. ఏప్రిల్ 30కి జూన్ 3కి నడుమ, ఎండలు మండు దినములలో, పనివారమున వచ్చు పండుగ ఇది; పండుగల క్రమమునే పాటింపని సంఘములు మనలో అనేకములు; పలుదేశముల కతోలికులు దీనిని తరువాతి ఆదివారమునకు మార్చుకొనిరి. అయినను లూథరను, దక్షిణ ఇండియా సంఘముల ఆరాధన క్రమములలో దీనికి పాఠములును ప్రార్థనలును ఏర్పడియే యున్నవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆరోహణ కీర్తనలు ప్రత్యేకముగా కూర్చబడియే యున్నవి. లోపించినది కూడికయే. తొలకరికై రైతు ఎదురుచూచు దినములు కావున, ముందటి మూడు సాయంత్రములు వానకొరకు, పంటకొరకు ప్రార్థించుట మనకు ఐరోపావారికంటెను తగియున్నది. అయ్యగార్లకును సంఘపెద్దలకును నా మనవి: వచ్చు ఏడు ఆ గురువారము, కూలికి పోయినవారు ఇండ్లకు చేరిన పిదప గుడి తీయించి, అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయము చదివించి, ఒక్క కీర్తనయైన పాడించుడు. పదిమందియే వచ్చినను సరే, మానకుడు.