చెదరిన చుక్కల నడుమ సరళరేఖ



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెబడులలో చదువు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట సంస్కృతాంధ్రములు గురుముఖమున అభ్యసించితిని. పిదప గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించుట నాకు వృత్తి యయ్యెను. ప్రయోగములలో దొరకిన అంకెలు ఒకదానితో నొకటి ఏకీభవింపనప్పుడు, వానిలోని సంబంధమును తెలిసికొనుటకు పూర్వులు కనిపెట్టిన యొక ఉపాయము కలదు. దాని చరిత్రయే నేటి ప్రసంగము. అయితే ఆ చరిత్రకు ముందు, నేను చేసిన తప్పు నొకదానిని మీకు విన్నవింపవలసియున్నది.

మా బడిలో ఒక పాత స్ప్రింగు ఉండెడిది. దానిని మేకునకు వ్రేలాడదీసి, క్రింద తూనికరాళ్లు తగిలించి, అది యెంత సాగినదో పిల్లలు కొలువవలెను. బరువు రెట్టింపైనచో సాగుటయు రెట్టింపగునని 1678లో రాబర్టు హుక్ అను ఆంగ్లేయుడు ప్రకటించెను. ఒకటి, రెండు, మూడు, నాలుగు రాళ్లకు వరుసగా 2, 4, 6, 8 సెంటిమీటర్లు సాగవలెనని నేను నల్లబల్లమీద ముందే వ్రాసి పెట్టితిని. పిల్లలందఱును కొలిచి, సరిగా ఆ యంకెలనే తెచ్చి చూపిరి. ఒక్క బాలుడు మాత్రము 2, 5, 5, 8 అని వ్రాసికొని వచ్చెను. నేను వాని పుస్తకములో ఎఱ్ఱసిరాతో గీత కొట్టి, తోటివారిని చూచి దిద్దుకొమ్మంటిని. వాడు తల వంచుకొని దిద్దుకొనెను.

స్ప్రింగు త్రుప్పుపట్టినది. కొలబద్దమీద సన్నగీతలు చెరిగిపోయినవి. అట్టి సామగ్రితో అందఱికిని 2, 4, 6, 8 ఎట్లు వచ్చును? ఆనాడు నిజముగా కొలిచినవాడు ఆ యొక్కడేయని నాకు చాల ఏండ్లకుగాని తట్టలేదు.

కుండలో అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. దీనినే మనవారు స్థాలీపులాక న్యాయమందురు. కాని కొలతల విషయమున ఈ న్యాయము చెల్లదు. ఒకే చేనును నలుగురు గొలుసు పట్టి కొలిచినచో నాలుగు కొలతలు వచ్చును. వానిలో ఏది గ్రహింపవలెను? మంచిదని తోచిన యొక్క కొలతను ఉంచుకొని తక్కినవి పాఱవేయుట చిరకాలముగా వచ్చిన వాడుక. గొప్ప గణితవేత్తలకు సైతము ఈ విషయమున సందేహము తీరలేదు. 1749లో లియొనార్డ్ ఆయిలర్ గురుశనుల గమనమును గణించుచు డెబ్బదియైదు పరిశీలనలను ముందుంచుకొనెను. వాని నన్నిటిని కలిపినచో దోషములు ఒకదానిపై నొకటి పేరుకొనునేమోయని ఆ మహనీయుడు వెనుదీసెను. మఱుసటి సంవత్సరముననే టోబయాస్ మేయర్ అను జర్మనుడు చంద్రబింబముపై మానీలియస్ అను గుంటను గూర్చి తాను చేసిన ఇరువదియేడు పరిశీలనలను తొమ్మిదేసి చొప్పున మూడు కట్టలు కట్టి, ఏ కట్టకాకట్టను కూడి లెక్క తేల్చెను. దోషములు కలిసినచో పెరుగవు, ఒకదానినొకటి కొంతవఱకు తీర్చుకొనునని అతడు గ్రహించెను. దోషమున్న కొలతను పాఱవేయక లెక్కలోనికి తీసికొనుట అను ధైర్యముతోనే మన కథ మొదలగుచున్నది.

1801 జనవరి 1వ తేదీని సిసిలీద్వీపములోని పలెర్మో నగరమున పియాట్జీ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త గోళమును కనుగొని దానికి సెరీస్ అని పేరు పెట్టెను. ఫిబ్రవరి 11 వఱకు దానిని అతడు చూడగలిగెను. పిమ్మట అది సూర్యకాంతిలో మఱుగుపడెను. ఆ కొలది రోజుల పరిశీలనలనుండి అది మరల ఎక్కడ కనబడునో చెప్పవలసివచ్చెను. ఇరువదినాలుగేండ్ల కార్ల్ ఫ్రెడ్రిక్ గౌస్ దాని మార్గమును గణించి చెప్పెను. ఆ సంవత్సరాంతమున అతడు చెప్పిన చోటికి సమీపముననే అది దొరకెను. ఆ యొక్క లెక్కతో అతని పేరు యూరపుఖండమంతట మాఱుమ్రోగెను.

1805లో ఫ్రాన్సు దేశీయుడగు లెజాండర్ తోకచుక్కల మార్గములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, అందు కనిష్ఠ వర్గ పద్ధతి అను ఉపాయమును మొదటిసారిగా లోకమునకు తెలిపెను. 1809లో గౌస్ తన గ్రంథమును ప్రకటించుచు, ఈ పద్ధతిని తాను 1795 నుండియు వాడుచున్నానని వ్రాసెను. లెజాండరునకు ఆ మాట మిక్కిలి కష్టము కలిగించెను. ముందు తెలిసికొన్నవాడెవడైనను, ముందు ప్రకటించినవాడు లెజాండరేయని చరిత్ర చెప్పుచున్నది. దోషములు ఏ రీతిగా వ్యాపించునో విచారించి, ఈ పద్ధతికి సంభావ్యతాశాస్త్రముతో పొత్తు కలిపిన కీర్తి గౌసునకు దక్కినది.

ఆ పద్ధతి యేమో మా బాలుని అంకెలతోనే చెప్పెదను. గళ్ళకాగితముమీద అడ్డముగా రాళ్ల సంఖ్యను, నిలువుగా సాగిన పొడవును గుర్తించి నాలుగు చుక్కలు పెట్టుదము. నా నల్లబల్ల రేఖ 2, 4, 6, 8 గుండ పోవును. అది మొదటి చుక్కను, చివరి చుక్కను సరిగా తాకును. నడిమి రెండింటికి ఒక్కొక్క సెంటిమీటరు దూరమగును. దూరముల వర్గములు కూడినచో 0, 1, 1, 0, వెరసి 2. ఇప్పుడు మఱొక రేఖను చూడుడు. ఇది 2.3, 4.1, 5.9, 7.7 గుండ పోవుచున్నది. ఒక్క చుక్కనైనను తాకదు. దూరములు 0.3, 0.9, 0.9, 0.3. వర్గములు కూడినచో వెరసి 1.8 మాత్రమే. ఏ సరళరేఖ గీచినను ఇంతకంటె తక్కువ రాదు. ఏ చుక్కను తాకకపోయినను అన్నిటికిని సమీపమైన రేఖ ఇదియే. ఒక్కొక్క రాయికి స్ప్రింగు సగటున 1.8 సెంటిమీటర్లు సాగుచున్నదని ఇది చెప్పుచున్నది.

వర్గములేల యని అడుగవచ్చును. దూరములను ఉన్నవున్నట్లు కూడినచో పైనున్నవి క్రిందనున్నవానితో కొట్టివేయబడును. వర్గము చేసినచో అన్నియు కూడికలగును. అంతేకాదు, ఇద్దఱికి చెఱియొక రూపాయి నష్టము వచ్చినచో వర్గముల మొత్తము రెండు. ఒక్కనికే రెండు రూపాయల నష్టము వచ్చినచో నాలుగు. తగవు తీర్చు పెద్దమనిషి భారమంతయు ఒక్కనిమీద పడకుండ ఎట్లు చూచునో, ఈ పద్ధతియు నట్లే చూచును.

ఇంతవఱకు చెదరుట యనగా కొలత దోషమే. మనుష్యుల విషయమున చెదరుట సహజమే యగునని చూపినవాడు ఆంగ్లేయుడగు ఫ్రాన్సిస్ గాల్టన్. 1875లో అతడు పూలబఠాణీ గింజలను పరిమాణమునుబట్టి ఏడు తరగతులుగా ఏర్చి, మిత్రులకిచ్చి నాటించి, వచ్చిన గింజలను కొలిచెను. పిమ్మట 205 దంపతుల యెత్తులను, వారికి పుట్టి పెరిగిన 928 మంది సంతానము యెత్తులను సేకరించి, స్త్రీల యెత్తును 1.08 చేత గుణించి పురుషుల కొలతకు తెచ్చి, 1885లో ఫలితము తెలిపెను. సగటు యెత్తు అయిదడుగుల ఎనిమిదింబాతిక అంగుళములు. తలిదండ్రులు ఆ సగటుకంటె మూడంగుళములు పొడవైనచో బిడ్డలు సగటున రెండంగుళములే పొడవుగా నుండిరి. పొట్టివారి బిడ్డలును అట్లే సగటువైపునకు జరిగిరి. ఇట్లు సగటు దెసకు మరలుటకు అతడు పెట్టిన పేరే ప్రతిగమనము. రేఖ గీచు పద్ధతికంతకును తరువాత ఆ పేరే నిలిచిపోయెను. 1897లో ఉడ్నీ యూల్ అను పండితుడు గాల్టను రేఖకును లెజాండరు పద్ధతికిని ముడివేసెను.

దీనివలన కొన్ని తరములకు అందఱును ఒకే యెత్తున నుందురని తలపరాదు. సామాన్యమైన యెత్తుగల తలిదండ్రులకును ఆజానుబాహువులగు బిడ్డలు పుట్టుచునే యుందురు. రేఖ సగటును చెప్పును గాని ఏ యొక్కని నుదుటి వ్రాతను చెప్పదు. గాల్టనే ఈ హద్దును దాటి, మనుష్యజాతిని ఏర్చి పెంపవచ్చునను వాదమును లేవదీసెను. ఆ వాదము తరువాతి కాలమున పెక్కు దేశములలో నిరపరాధులకు కీడు తెచ్చెను. రేఖ సరియైనదైనను, దానినుండి తీయు సిద్ధాంతము సరియైనది కాకపోవచ్చును.

ఈ విద్య మన పొలములదాక వచ్చిన కథయు కలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువును గూర్చి పెద్దలు చెప్పగా మీరు వినియుందురు. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు దానివలన పడిన బాధ ఇంతింతయని చెప్పరాదు. వాన తప్పునని ముందుగా తెలిసినచో గింజ నిలువచేసికొనవచ్చును గదా! 1875లో నెలకొల్పబడిన భారత వాతావరణశాఖకు మొదటి అధిపతియగు బ్లాన్‌ఫర్డ్, హిమాలయములపై మంచు మిక్కుటమైన యేడు మన వాన తగ్గుచున్నదని 1884లో వ్రాసెను. 1904 నుండి 1924 వఱకు ఆ పదవి నధిష్ఠించిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో చదివిన గణితజ్ఞుడు. అతడు దూరదేశముల కొలతలను తెప్పించి ప్రతిగమన పద్ధతితో వానకు సూత్రములు కట్టెను. వానిలో ఒకదానియందు దక్షిణ అమెరికా గాలిపీడనము, మారిషస్ గాలిపీడనము, హిమాలయపు మంచు, జాంజిబారు వాన అను నాలుగును చేరినవి. మొదటిది హెచ్చినచో మనకు వాన హెచ్చుననియు, తక్కినవి హెచ్చినచో తగ్గుననియు ఆ సూత్రము చెప్పెను.

మనకు కాకతాళీయ న్యాయమను మాట కలదు. కాకి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకి పండును రాల్చినట్లు కాదు. వాకర్ ఈ యపాయమును బాగుగా నెఱిగినవాడు. నూఱు విషయములను వానతో పోల్చి చూచినచో, ఏ సంబంధము లేకున్నను వానిలో కొన్ని కాకతాళీయముగా జతకుదిరినట్లు కనబడును. అందుచేత పెక్కింటిలో ఏఱి తీసినదానిని మఱింత కఠినముగా పరీక్షింపవలెనని అతడు 1914లోనే వ్రాసెను. కాలము గడచినకొలది అతడు కనుగొన్న సంబంధములలో కొన్ని సడలినవి. అయినను ఆ యన్వేషణముననే పసిఫిక్, హిందూ మహాసముద్రముల గాలిపీడనములు తక్కెడ సిబ్బెలవలె ఒకటి లేచినపుడు మఱొకటి దిగునను సత్యము బయటపడెను. 1969లో బ్యర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు దానిని సముద్రజలము వేడెక్కుటతో కలిపి వివరించెను. వానాకాలమునకు ముందు మీరు వార్తలలో వినెడి ఎల్ నినో అదియే.

కొలతలలో దోషమును ఎంతవఱకు తగ్గింపవచ్చును? దీనికి హద్దు చూపినవారిలో ఒకరు మన తెలుగువారు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, మహలనోబిస్ స్థాపించిన కలకత్తా సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1945లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఒక పక్కకు మొగ్గని ఏ గణనమైనను, ఉన్న పరిశీలనలనుబట్టి, ఇంతకంటె తక్కువ దోషముతో ఫలితము నీయజాలదని అందు నిరూపించిరి. స్వీడన్ దేశీయుడగు క్రామేర్ పేరుతో కలిసి ఆ హద్దు క్రామేర్-రావు హద్దని ప్రసిద్ధి కెక్కినది. వారు 2023లో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి.

ఇక నా తప్పు కడకు వచ్చెదను. 2, 4, 6, 8 అను అంకెలు స్ప్రింగును గూర్చి ఏమియు చెప్పవు. అవి నా నల్లబల్లను గూర్చి మాత్రమే చెప్పును. 2, 5, 5, 8 అను అంకెలైతే స్ప్రింగు ఏపాటి సాగునో చెప్పును. 0.9 సెంటిమీటరు ఎడము చూపి, సామగ్రి చెడినది, బాగుచేయుడని కూడ చెప్పును. ఆయిలర్ వెఱచిన దోషమును మేయర్ లెక్కలోనికి తెచ్చెను. లెజాండర్, గౌస్ దానికి నియమము కట్టిరి. వాకర్ దానిని చూచియే తన సూత్రమును తానే శంకించెను. వీరందఱి పనికిని మూలధనము ఎవడో యొకడు తాను చూచినది చూచినట్లు వ్రాసిపెట్టిన అంకెయే.

మీలో పెక్కండ్రు వాన పడిన దినములు, బావిలో నీటిమట్టము, ఎకరమునకు వచ్చిన బస్తాలు పుస్తకములో వ్రాసికొనువారై యుందురు. పొరుగువాని లెక్కకు సరిపోవుటకుగాని, పోయినయేటి లెక్కకు కుదురుటకుగాని వానిని దిద్దకుడు. వంకరగా నున్న అంకెను వంకరగానే వ్రాయుడు. ఆ బాలుడు నేడెక్కడ నున్నాడో నేనెఱుగను. ఈ మాటలు వాని చెవిని పడినచో, ఆనాటి ఎఱ్ఱగీత ఉండవలసినది వాని పుస్తకమున కాదు, నా నల్లబల్లమీదనని తెలిసికొనునుగాక. సెలవు.