కాఫీ గింజల తాజాదనం: ఏ సంచి ఎన్నాళ్లు కాపాడుతుంది?

కాఫీ గింజలు కొనేటప్పుడు మనం రకం అడుగుతాం, ధర అడుగుతాం, చికోరీ ఎంత కలపాలో చెబుతాం. ఏ సంచిలో పోసి ఇస్తున్నారో మాత్రం పెద్దగా పట్టించుకోం. గింజ ఎంత మంచిదైనా సరే, తగని సంచిలో మూడు వారాలు ఉంటే డికాక్షన్‌కు రంగు దిగుతుంది తప్ప వాసన దిగదు. ఇంట్లో నిల్వ చేసుకునేవారికీ, దూరంలో ఉన్న బంధువులకు పంపేవారికీ, ఇంటి దగ్గరే చిన్నగా వేయించి అమ్ముకునేవారికీ పనికొస్తుందని ఈ వివరాలు ఒకచోట రాస్తున్నాను.

ఈ సంగతి నాకు ఒక పొరపాటు వల్ల తెలిసివచ్చింది. ఒక ఉగాదికి మా సంఘం తరఫున సభ్యుల ఇళ్లకు పావు కిలో చొప్పున కాఫీ గింజలు పంచాం. ముందువైపు గింజలు కనబడేలా చిన్న కిటికీ ఉన్న గోధుమరంగు కాగితపు సంచులు ఎంచుకున్నది నేనే. చూడడానికి ముచ్చటగా ఉన్నాయి. వేయించిన మర్నాడే నింపి అంటించాం. రెండు రోజులకు కొన్ని ఉబ్బాయి, రెండు మూడింటికి అంటు ఊడింది. పండగ దాటి పది రోజులకు తెరిచినవారు, ‘కాఫీలో వాసనే లేదండీ’ అన్నారు. గింజ మంచిదే, వేయించినవారి పనీ మంచిదే. తప్పు సంచిది, అంటే నాది.

మన ఊళ్లూ కాఫీ తోటలూ

దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. చిక్కమగళూరు, కొడగు, హాసన్ జిల్లాలు అందులో ముఖ్యమైనవి. తమిళనాడులో ఏర్కాడు, నీలగిరి, పళని కొండల మీద, ఒడిశాలో కోరాపుట్ ప్రాంతంలో తోటలున్నాయి. కోరాపుట్‌కు రైలు దారిలోనే అరకు లోయ ఉంది. అరకు అరబికాకు, కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడు రోబస్టాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బెంగళూరు, కోయంబత్తూరు, జయపురం లాంటి చోట్ల ఉన్న మనవారికి తాజాగా వేయించిన గింజ దగ్గర్లోనే దొరుకుతుంది. షోలాపూర్, భివండి, యానాం లాంటి చోట్లకు ఎక్కువగా పార్సిల్‌లోనే రావాలి. దూరం పెరిగేకొద్దీ సంచి మీద భారం పెరుగుతుంది.

వేయించాక గింజలో ఏం జరుగుతుంది?

పచ్చి కాఫీ గింజ గట్టిగా, బరువుగా ఉంటుంది. వేయిస్తే ఉబ్బి, తేలికై, లోపల సన్నని రంధ్రాలతో బొరుగులా మారుతుంది. ఆ రంధ్రాల్లో బొగ్గుపులుసు వాయువు చిక్కుకుని ఉంటుంది. వేయించిన తర్వాత అది మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా, ఆ తర్వాత కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా వస్తుంది. కిలో గింజల నుంచి కొన్ని లీటర్ల వాయువు వెలువడుతుంది. మా సంచులు ఉబ్బింది అందుకే.

గింజను పాడుచేసేవి నాలుగు: గాలిలోని ఆక్సిజన్, తేమ, వెలుతురు, వేడి. ఆక్సిజన్ వాసననిచ్చే పదార్థాలను, గింజలోని నూనెను చెడగొడుతుంది. బాగా నల్లగా వేయించిన గింజ మీద నూనె పైకి తేలి ఉంటుంది కాబట్టి అది ఇంకా త్వరగా పాత నూనె వాసన కొడుతుంది. వెలుతురు, వేడి ఈ పనిని తొందరపెడతాయి. తేమ తగిలితే గింజ మెత్తబడి సారం కోల్పోతుంది.

అంటే సంచి రెండు పనులు చేయాలి. లోపలి వాయువును బయటికి పోనివ్వాలి, బయటి గాలిని లోపలికి రానివ్వకూడదు.

పచ్చి గింజల సంగతి వేరు

వేయించని గింజలకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. బాగా ఆరబెట్టిన పచ్చి గింజలో తేమ 10 నుంచి 12 శాతం ఉంటుంది. గోనె సంచిలో పోసి, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టి, గాలి ఆడే చల్లని గదిలో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. కాకపోతే గోనె తేమను ఆపలేదు. వానాకాలం గాలి తగిలితే గింజ ఎంత మారుతుందో చెప్పడానికి ‘మాన్‌సూన్డ్ మలబార్’ రకమే సాక్ష్యం. పశ్చిమ తీరంలోని గోదాముల్లో కావాలనే రుతుపవనాల గాలికి ఆరబోస్తే గింజ ఉబ్బి, లేత పసుపు రంగుకు తిరిగి, పులుపు తగ్గుతుంది. అక్కడ అది పద్ధతి ప్రకారం చేసే పని. మన ఇంటి మూలలో తనంతట తాను జరిగితే బూజు పట్టడమే. అందుకని పచ్చి గింజలు ఎక్కువకాలం ఉంచేవారు గోనె లోపల గాలి చొరబడని మందపాటి ప్లాస్టిక్ సంచి వేస్తున్నారు.

వేయించిన గింజలకు దొరికే సంచులు

ఉత్త కాగితపు సంచి: గాలినీ తేమనూ ఆపదు, నూనె పీలుస్తుంది. కొట్లో పొడి పట్టించుకుని ఇంటికి తెచ్చి డబ్బాలో పోసుకునేవరకే పనికొస్తుంది. నాలుగైదు రోజులకు మించి నమ్మకూడదు.

పలుచని ప్లాస్టిక్ కవరు: తేమను కొంత ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను ఆపదు. చేతికి గట్టిగా అనిపించినా వాసన దాని గుండా బయటికి పోతుంది. కవరు అంటించి ఉన్నా బయటికి కాఫీ వాసన వస్తోందంటే, ఆ వాసన మన గ్లాసులోంచి పోతున్నట్టే. ఒక వారం లెక్క వేసుకోవచ్చు.

లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం: పైకి కాగితంలా కనిపిస్తుంది, గుణం లోపలి పొరను బట్టి ఉంటుంది. మామూలు పూత అయితే పై కవరు లాంటిదే. కిటికీ ఉంటే వెలుతురు కూడా చేరుతుంది. ఉగాదికి నేను కొన్నవి ఇవే.

మెటలైజ్డ్ సంచి: ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం ఆవిరిని అతి పలుచగా పట్టించి చేస్తారు. చిప్స్ ప్యాకెట్ల లోపల మెరిసేది ఇదే. ధర, రక్షణ రెండూ మధ్యస్థం. నెల, నెలన్నర నిల్వకు సరిపోతుంది.

అల్యూమినియం రేకు పొర ఉన్న సంచి: బయట ప్లాస్టిక్ లేదా కాగితం, మధ్యలో నిజమైన రేకు, లోపల వేడికి అంటుకునే పొర ఉంటాయి. గాలి, తేమ, వెలుతురు మూడింటినీ బాగా ఆపేది ఇదే. వాల్వు కూడా ఉండి బాగా అంటిస్తే, తెరవకుండా రెండు మూడు నెలలు గింజ బాగుంటుంది. నింపేటప్పుడు లోపలి గాలి తీసేసి నైట్రోజన్ పంపితే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. పెద్ద కంపెనీల ప్యాకెట్లు నెలల తరబడి నిలవడం వెనుక ఇలాంటి ఏర్పాటే ఉంటుంది.

మట్టిలో కలిసిపోయే సంచులు కూడా వస్తున్నాయి. ఉద్దేశం మంచిదే, కానీ వీటిలో చాలావాటికి రేకు సంచి అంత రక్షణ లేదు. రెండు మూడు వారాల్లో వాడేసే గింజలకు తీసుకోవచ్చు. మరోవైపు, రేకు, ప్లాస్టిక్ పొరలు కలిసిన సంచిని విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం. అందుకే అవసరం లేని చోట దాన్ని వాడకపోవడమే మేలు.

ఆ చిన్న బొడిపె ఏమిటి?

మంచి సంచి పైభాగంలో చిన్న గుండ్రటి బిళ్ల, దానికి సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అదే వన్‌వే వాల్వు. లోపల పలుచని రబ్బరు పొర ఉంటుంది. వాయువు ఒత్తిడి పెరిగితే ఆ పొర లేచి దారి ఇస్తుంది, ఒత్తిడి తగ్గగానే మూసుకుంటుంది. వాసన చూసుకోవడానికి పెట్టారని చాలామంది అనుకుంటారు. అసలు పని సంచి పగలకుండా, గాలి చేరకుండా చూడడం.

వాల్వు లేని సంచి వాడాలంటే గింజలను రెండు మూడు రోజులు ఆగి నింపాలి. ఆగినన్ని రోజులూ గాలి తగులుతుంది కాబట్టి ఆ మేరకు వాసన ముందే పోతుంది. వాల్వు ఉంటే వేయించి చల్లారిన వెంటనే నింపవచ్చు.

గింజ, పొడి, చికోరీ

గింజను పొడి చేస్తే గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాయువులో ఎక్కువ భాగం మరలోనే పోతుంది. అందువల్ల పొడి సంచి ఉబ్బడం తక్కువ, వాసన పోవడం ఎక్కువ. పొడికి వాల్వు కంటే రేకు పొర ముఖ్యం. వాల్వు ఉన్నా, పొడి అందులో ఇరుక్కోకుండా సన్నని వడపోత ఉన్నదే తీసుకోవాలి. చికోరీ కలిపిన పొడి తేమను ఇట్టే పీల్చి గడ్డ కడుతుంది కాబట్టి దానికి ఇంకా జాగ్రత్త కావాలి. తెరిచాక గింజ రెండు మూడు వారాలు, పొడి వారం పది రోజులు రుచిగా ఉంటాయని లెక్క వేసుకుంటే తప్పు పోదు.

కొనేముందు చేయదగ్గ పరీక్షలు

సంచులు వందల్లో కొనేముందు నాలుగైదు నమూనాలు అడిగి తెచ్చుకోండి. ఇంట్లోనే చూసుకోవచ్చు.

1. ఖాళీ సంచి లోపల సెల్‌ఫోన్ టార్చి వెలిగించి చీకటి గదిలో చూడండి. రేకు సంచి అయితే వెలుతురు రాదు. మెటలైజ్డ్ అయితే మసకగా కనిపిస్తుంది.

2. మూల మడిచి వదలండి. రేకు ఉంటే మడత నిలుస్తుంది. లేకుంటే తిరిగి లేస్తుంది.

3. కొంత గాలితో ఖాళీ సంచిని వేడితో అంటించి నొక్కండి. గాలి వాల్వు గుండా మాత్రమే పోవాలి. పూర్తిగా చప్పగా నొక్కి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మళ్లీ గాలి చేరి ఉంటే వాల్వు గానీ అంటు గానీ పనికిరావు.

4. వాల్వు మీద వేలు అదిమిపెట్టి సంచిని నీళ్లలో ముంచి నొక్కండి. అంచుల నుంచి బుడగలు వస్తే అక్కడ కారుతోంది.

5. లోపల వాసన చూడండి. సిరా వాసనో ప్లాస్టిక్ వాసనో ఉంటే గింజకు అంటుకుంటుంది. ఆహార పదార్థాలకు తగినదని అమ్మేవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

కొలత కూడా చూసుకోవాలి. వేయించిన గింజలు తేలిక, పావు కిలోకు ముప్పావు లీటరు దాకా చోటు కావాలి. సంచి మరీ పెద్దదైతే లోపల గాలి మిగిలిపోతుంది. కిలో సంచి ఒకటి కొనేకన్నా పావు కిలోవి నాలుగు తీసుకుంటే ఒకటి తెరిచినా మిగతా మూడు భద్రంగా ఉంటాయి.

ఊరిని బట్టి జాగ్రత్త

చెన్నై, బరంపురం, యానాం లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ముంబయి, భివండి వైపు శత్రువు తేమ. అక్కడ కాగితపు సంచి ఊసే వద్దు. షోలాపూర్ లాంటి పొడి ప్రాంతంలో తేమ తక్కువ కానీ ఎండాకాలం వేడి ఎక్కువ. పొయ్యి పక్కన, ఎండ పడే గోడ అల్మరాలో పెట్టకూడదు. వేసవిలో పార్సిల్ పంపితే దారిలో తక్కువ రోజులు ఉండేలా చూసుకోండి.

ఇంటికి తెచ్చాక

సంచి మంచిదైతే గింజలను వేరే డబ్బాలోకి మార్చకుండా అందులోనే ఉంచి, లోపలి గాలి నొక్కేసి జిప్ పెట్టడం మేలు. గాజు సీసాలో పోస్తే దాన్ని చీకటి అల్మరాలో పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మానుకోండి. తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది, పక్కనున్న కూర వాసన పడుతుంది. ఎక్కువ కాలం ఉంచక తప్పకపోతే చిన్న ప్యాకెట్లుగా అంటించి ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి, పూర్తిగా గది వేడికి వచ్చాకే తెరవండి. మిగిలితే మళ్లీ లోపల పెట్టకండి.

అమ్మేవారు మరవకూడనివి

సంచి మీద తయారీ తేదీ, నికర బరువు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య ఉండాలి. చికోరీ కలిపితే కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంత శాతమో ముద్రించాలి. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. వీటితో పాటు వేయించిన తేదీ కూడా వేస్తే కొనేవారికి నిజమైన మేలు. పాత వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వడం నిషిద్ధం.

చివరికి తేలేది ఒకటే. సంచి తాజాదనాన్ని తయారుచేయదు, ఉన్నదాన్ని కొన్నాళ్లు కాపలా కాస్తుంది. అందుకే ముందు రోజులు లెక్కపెట్టండి: వేయించిన నాటి నుంచి ఆఖరి కప్పు తాగే నాటికి ఎన్ని రోజులు? వారమైతే మామూలు కవరు చాలు, ఖర్చు దండగ. నెల అయితే వాల్వు ఉన్న మెటలైజ్డ్ సంచి. అంతకు మించితే వాల్వు, రేకు రెండూ ఉండాలి. ఆ మరుసటి ఉగాదికి మేం ఈ లెక్కే వేశాం. కిటికీ లేని రేకు సంచులు కొన్నాం, వేయించిన తేదీని చేత్తో రాశాం. ‘చూడ్డానికి పోయినేడువే బాగున్నాయి’ అన్నారు కొందరు. కాఫీ గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.